ఓడకు జెండా కలదు, ఊరికేది?

బందరు రేవున మూడవ నంబరు ప్రమాదసూచిక నెగురవేసినారను వార్తను చదువని తెలుగు పాఠకుడుండడు. సముద్రమున వాయుగుండము పుట్టుటయే తడవు, రేవునందొక గుర్తు లేచును. పగటివేళ స్తంభమునకు వ్రేలాడు బుట్టలవంటి గుర్తులు, రాత్రివేళ ఎఱ్ఱని తెల్లని దీపములు. వాడుకగా మనము జెండాయనుచున్నది వీనినే. ఒకటి మొదలు పదకొండు వరకు అంకెలు. ఓడవాడు చూచును, చూచి, కదలవలెనో నిలువవలెనో తేల్చుకొనును. ఆ గుర్తునకు టీకాతాత్పర్యములు చెప్పు పండితుడు వానికక్కరలేదు. ఈ ఏర్పాటు నిన్న మొన్నటిది కాదు. 1864 అక్టోబరులో కలకత్తాను తుపాను ముంచివేయగా, మరుసటి సంవత్సరముననే ఆ రేవునకు తుపాను హెచ్చరికల పద్ధతి ఏర్పడినది. అనగా నూటయరువది యేండ్లుగా ఈ దేశమున ఓడకు జెండా కలదు. ఊరికేది?

కలకత్తా మునిగి నెల తిరుగకమునుపే, అదే సంవత్సరము నవంబరు 1వ తేదీన, మన బందరు మునిగినది. ఉప్పెన ముప్పదివేలమందిని పొట్టబెట్టుకొన్నదని లెక్క. వాతావరణశాఖ 1875లో ఏల పుట్టినదని ప్రభుత్వ గ్రంథములను అడిగినచో, కలకత్తా తుపానును, 1866, 1871 సంవత్సరముల అనావృష్టిని చెప్పును. బందరు మాట అందు సాధారణముగా వినబడదు. ఓడలు నిలుచు నగరము మునుగుట ఒకటి, పల్లెలు మునుగుట మరియొకటి! పరాయి ప్రభుత్వమునకు సరకుల మీద ఉన్న శ్రద్ధ మనుష్యుల మీద లేకుండుట వింత కాదు. స్వరాజ్యము వచ్చి డెబ్బదియైదేండ్లు దాటిన పిమ్మటను పల్లె చెవిన పడవలసిన మాట పల్లె చెవిన పడకుండుట వింత.

మేము నేడు మాటలాడదలచినది తుపాను హెచ్చరికను గూర్చి కాదు. ఆ విషయమున దేశము చాలవరకు పాఠము నేర్చినది. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమలో పదివేల ప్రాణములు పోయినవి. 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను గోపాలపురమును తాకువేళకు ఒరిస్సా, ఆంధ్ర తీరములనుండి లక్షలకొలది జనమును ముందుగనే తరలించినారు, ప్రాణనష్టము పదుల లెక్కకు దిగినది. కబురునకు కాళ్లు కలిగినపుడు ఏమి జరుగునో అది చూపినది. మేమడుగుచున్నది మిక్కిలి చిన్నది: ఉప్పెనయు కాదు, ప్రళయమును కాదు; ఈ మంగళవారము మొదలు వచ్చు సోమవారము వరకు మన ఊరి పొలిమేరలో వాన వచ్చునా రాదా, గాలి ఏ దిక్కున వీచును, ఎండ ఎంత కాయును అను వారపు కబురు. ఈ చిన్న కబురునకే కాళ్లు లేవు.

లేవనగా, కబురే లేదని కాదు. ఉన్నది. ఇక్కడనే మా ఫిర్యాదు మొదలగుచున్నది. 2024 అక్టోబరు 24వ తేదీన కేంద్ర పంచాయతీరాజ్ మంత్రిత్వశాఖయు వాతావరణశాఖయు కలిసి గ్రామపంచాయతి స్థాయి వాతావరణ సూచనను ప్రారంభించినవి. ఐదు దినముల వరకు వాన, ఉష్ణము, మబ్బు, గాలి, తేమ ఇన్నియు పంచాయతి పేరు నొక్కిన కానవచ్చును. 2025 మే 26వ తేదీన పూనాలోని ఉష్ణమండల వాతావరణ సంస్థవారు తయారుచేసిన భారత సూచనా విధానమును దేశమున కర్పించినారు. పూర్వము పండ్రెండు కిలోమీటర్ల చదరములుగా ఆకాశమును లెక్కించు విధానము పోయి ఆరు కిలోమీటర్ల చదరములు వచ్చినవి. నూటనలువదినాలుగు చదరపు కిలోమీటర్లకు ఒక మాట చెప్పిన యంత్రము నేడు ముప్పదియారింటికి ఒక మాట చెప్పుచున్నదన్నమాట. ఇందుకు పాటుపడిన శాస్త్రజ్ఞులకు మేము నమస్కరించుచున్నాము. మా తగవు వారితో కాదు.

ఆ మాట ఎచ్చట నివసించుచున్నది? మేరీ పంచాయత్ అను పేరుగల సెల్‌ఫోను యాప్‌లో. ఈ-గ్రామస్వరాజ్, గ్రామ మానచిత్ర అను వెబ్‌సైటులలో. పేర్లనుబట్టియే అవి ఎవరికొరకు పుట్టినవో పాఠకులు గ్రహింపవచ్చును. మా కార్యాలయమునకు వచ్చు పల్లె మిత్రులను కొందరిని అడిగి చూచితిమి. ఒకరు ఆ పేరు వినియుండలేదు. ఒకరు విన్నారుగాని తెరచియుండలేదు. మూడవవారు తెరచినారు, తెరచి, తమ పంచాయతి పేరు వెదకి, చూచి, మరల మరచినారు. ఎందుకనగా అందు వాన ఇన్ని మిల్లీమీటర్లని మాత్రమే ఉన్నది. విత్తవలెనా, ఆగవలెనా యని లేదు.

విత్తుట అను మాట వచ్చినది గనుక అనంతపురము మెట్టకు పోదము. సంవత్సరమునకు ఐదువందల యేబది మిల్లీమీటర్ల ప్రాంతమున మాత్రము కురియు నేల, వేరుసెనగయే బ్రతుకు. ఆరుద్ర కార్తె నడుచుచున్నది. ఒక సాయంకాలము ఉరుములతో ఒక వాన పడినది. రైతు చేనికి పోయి మట్టి పిడికిట పట్టి చూచును. పదను ఉన్నట్లే తోచును. ఇంటిలో వేరుసెనగ విత్తు మూటలు కట్టియున్నవి. ఈ పంటకు రైతు పెట్టు ఖర్చులో పెద్దపాలు ఆ విత్తే. చాలమందికి అది అప్పుతో తెచ్చిన సొమ్ము. నేడు విత్తి, మూడవనాడు మరియొక జల్లు పడెనా, మొలక నిలుచును. విత్తి, పదునైదు దినములు మబ్బు మొగము చూపక పోయెనా, గింజ నేలలోనే ఎండును. మరల విత్తు కొనవలెను, మరల అప్పు. విత్తక ఆగి, వాన వచ్చి పోయెనా, పదను పోయినది, అదను పోయినది. ఈ మూడు దారులలో ఒక దారిని ఎన్నుకొనుటకు వానికి గల గడువు రెండు దినములు. ఆ రెండు దినములలో వానికి కావలసినది వచ్చు ఐదు దినముల కబురు. అది ఢిల్లీలో ఉన్నది, పూనాలో ఉన్నది, రైతు కుమారుని జేబులోని యంత్రములో సైతము ఉన్నదట! చేనిలో మాత్రము లేదు.

ఇక రేడియోలోను, పత్రికలలోను (మా పత్రికయు అందు చేరినదే, సిగ్గుతో ఒప్పుకొందుము) వచ్చు కబురు సంగతి. "తేలికపాటి నుండి మోస్తరు వర్షములు ఒకటి రెండుచోట్ల కురియు అవకాశము కలదు." ఈ వాక్యమును ఎన్ని వేలమారులు అచ్చువేసితిమో లెక్కలేదు. దీని యర్థమేమి? శాఖవారి లెక్కలో తేలికపాటి వాన యనగా రెండున్నర మిల్లీమీటర్లనుండి పదునైదున్నర వరకు; మోస్తరు వాన యనగా 15.6 నుండి 64.4 వరకు. కావున తేలికపాటి నుండి మోస్తరు అనునది రెండున్నర మొదలు అరువదినాలుగు వరకు గల ప్రతి వానకును చెల్లును. రెండున్నర మిల్లీమీటర్లు ధూళి అణచుటకే చాలదు. అరువది మిల్లీమీటర్లు విత్తిన విత్తును వంకలోనికి కొట్టుకొనిపోవును. ఈ రెంటిని ఒక్క వాక్యముతో చెప్పుట చెప్పకుండుటకు మరియొక పేరు. ఒకటి రెండుచోట్ల యనగా ఆ ప్రాంతపు వానకొలత కేంద్రములలో నాలుగవవంతునకు మించకుండ అని అర్థము. ఏ నాలుగవవంతు? అందు మన ఊరున్నదా? ఎద్దునకు ఒక కొమ్ము తడిసి ఒక కొమ్ము తడవని వాన యని పల్లెవారు నవ్వుటాలకు చెప్పుదురు; ప్రభుత్వము ఆ నవ్వుటాలనే బులెటినుగా వెలువరించుచున్నది. జిల్లా అధికారికి, ఆనకట్టల యింజినీరునకు ఆ వాక్యము పనికివచ్చును. ఒక చేను గలవానికి పనికిరాదు.

ఈ కొఱత ఎవరికిని తోచలేదనుట న్యాయము కాదు. 1945లోనే రేడియోద్వారా రైతుల వాతావరణ వార్తలు ఆరంభమైనవి. 2008 నుండి జిల్లా వారీగా, మంగళ శుక్రవారములందు, వ్యవసాయ సలహాలు వెలువడుచున్నవి. 2018 మొదలు ఒక మంచి పని జరిగినది: కృషి విజ్ఞాన కేంద్రములందు జిల్లా వ్యవసాయ వాతావరణ విభాగములు 199 నెలకొల్పినారు. ఒక్కొక్కదానికి ఒక నిపుణుడు, ఒక పరిశీలకుడు. వెరసి ఇద్దరు మనుష్యులు. పైనుండి వచ్చిన అంకెలను చూచి, తమ జిల్లాలో ఏ మండలమున ఏ పైరు ఏ యీడున నున్నదో ఎరిగి, "ఈ మూడు దినములు మందు కొట్టవలదు", "కోసిన వరి పనలను గురువారములోగా కుప్ప వేయుడు" అని ఆ ప్రాంతపు భాషలో చెప్పుట వారి పని. ఆ ఇద్దరే ఊరి జెండాను పట్టుకొన్నవారు.

2024లో ఆ 199 విభాగములును మూతపడినవి. సలహాలు వ్రాయు పనిని యంత్రములకు అప్పగింపవచ్చునను వాదము ఆ మూతకు తోడైనదని పత్రికలు వ్రాసినవి. తరువాత వానిని మరల తెరతుమను మాటయు ఆ సంవత్సరముననే వినవచ్చినది. విచిత్రమేమనగా, అదే సంవత్సరము సెప్టెంబరులో రెండువేల కోట్ల రూపాయలతో మిషన్ మౌసమ్ అను పథకమునకు మంత్రివర్గము సమ్మతించెను. అక్టోబరులో పంచాయతి సూచన వచ్చెను. రాడార్లకు ధనము కలదు, గణనయంత్రములకు కలదు. జిల్లాకు ఇద్దరు మనుష్యుల జీతమునకు మాత్రము కటకటయా? కోటి పెట్టి నుయ్యి త్రవ్వించి, చేద త్రాటికి కానీ లేదనువానిని ఏమందుము? యంత్రము అంకెను చెప్పును. కంది చేనికి పూత సమయమున ఆ అంకె ఏమి చేయునో చెప్పుటకు కంది చేనిని చూచిన మనిషి కావలెను. మూసినవానిని తెరతుమన్నవారు ఆ మాటను పూర్తిగా, స్థిరమైన కొలువులతో చెల్లింపవలెను. ఏటికేడాది గడువు పొడిగించు కొలువున ఏ నిపుణుడును నిలువడు.

మాకు మూడు జవాబులు ఎదురగునని యెరుగుదుము.

ఇప్పుడు ఫోను లేనివాడెవడని కొందరందురు. గొఱ్ఱెలు కాచువానిని అడుగుడు. వాని చేతిలో ఉన్నది మాటలాడు ఫోనే. పిడుగుల హెచ్చరికకై దామిని అను యాప్ ఉన్నదని వానికి చెప్పినవాడు లేడు, చెప్పినను ఆ ఫోనులో పట్టదు. పొలము కౌలుకు చేయు విధవరాలి ఇంట ఉన్న ఒక్క ఫోను కుమారునితో హైదరాబాదు పోయినది. ఒక్కొక్కడు తనంతట తాను వెదకికొనవలసిన కబురు, ఊరి కబురు కానేరదు. రేవు గుర్తును ప్రతి పడవవాడును అర్జీ పెట్టి తెప్పించుకొనుచున్నాడా?

మనకు పంచాంగము చాలదా యని మరికొందరు. మేము కార్తెలను తూలనాడువారము కాము. సూర్యుడు ఒక్కొక్క నక్షత్రమున నిలుచు పదుమూడు పదునాలుగు దినములకు ఒక పేరు పెట్టి, ఆ పేరునకు ఒక సేద్యపు పనిని ముడివేసిన మన పెద్దలు వెఱ్ఱివారు కారు. "ఉత్తర చూసి ఎత్తర గంప" అన్న నానుడిలో ఒక కరవు సీమ వలసల చరిత్ర అంతయు ఉన్నది. అయినను కార్తె చెప్పునది ఏటేటి వాడుకను. ఈ ఏటి ఆరుద్రలో ఈ గురువారము సంగతిని అది చెప్పదు, చెప్పుదునని అనలేదు కూడ. ఉగాదినాడు గుడిమండపమున మేఘాధిపతి ఫలమును శ్రద్ధగా విను ఊరు, మంగళవారము అదే మండపమున వారపు సూచనను వినుటకు ఏ శాస్త్రమును అడ్డురాదు.

మూడవ జవాబే గట్టిది: సూచన తప్పును గదా! తప్పును. ఆరు కిలోమీటర్ల చదరమైనను ఒక ఉరుముల మబ్బునకు పెద్దదే. మొదటి రెండు దినముల మాటకుగల నమ్మిక ఐదవ దినపు మాటకు ఉండదు. ఈ సంగతిని దాచి చెప్పుటచేతనే సూచన నవ్వులపాలగుచున్నది. తప్పుటను ఊరు క్షమించును. తప్పి, తప్పలేదన్నట్లు మరుసటి వారము మరల మొదలుపెట్టుటను క్షమింపదు. కావున మేమొక పద్ధతిని కోరుచున్నాము: ఈ వారపు సూచన ప్రక్కనే పోయిన వారపు సూచనయు, పోయిన వారము ఆ ఊరిలో నిజముగా కురిసిన వానయు వ్రాయవలెను. పది వారములు అట్లు వ్రాసినచో ఏ మాటను ఎంతవరకు నమ్మవలెనో, ఏ కాలమున నమ్మవలెనో రైతునకు ఎవరును చెప్పనక్కరలేదు.

అయితే నిజముగా కురిసినదెంతో ఎవరికి తెలియును? తెలంగాణమున వేయికి పైబడి స్వయంచాలక వాతావరణ కేంద్రములున్నవి. దేశమునందు చాల రాష్ట్రములకంటె ఇది మేలు. కాని మండలమున పదునైదు ఇరువది ఊళ్లుండును. ఒక ఊరి వాన మరియొక ఊరి వాన కాదు. ఇది ఊరక వేడుకకై చెప్పుమాట కాదు సుమా! వాతావరణాధారిత పంటల బీమాలో పరిహారము లెక్కకట్టుట రైతు చేనిలోని ఎండుమొక్కను చూచి కాదు, కేంద్రమునందలి వానలెక్కను చూచి. కేంద్రమున్న ఊరిలో ఒక జడివాన పడినచో, పది కిలోమీటర్ల దూరమున ఎండిన చేను కూడ కాగితము మీద తడియును. ఒక ఎకరముపై ఒక్క మిల్లీమీటరు వానయనగా నాలుగువేల లీటర్లకు పైబడిన నీరు. కాగితము మీద పడిన నీటిని ఏ పైరు త్రాగును?

కౌటిల్యుడు తన అర్థశాస్త్రమున కోష్ఠాగారమున మూర నోరుగల వానకొలత కుండమును నిలుపవలెనని విధించెను. ఏ సీమలో ఎన్ని ద్రోణముల వాన పడునో లెక్కలు వ్రాసెను. వరాహమిహిరుడు బృహత్సంహితలో వానను ఆఢకములలో కొలుచు విధము చెప్పెను. ఈ పేర్లను సభలలో చెప్పుకొని మురియువారికి కొఱతలేదు. మన ధాన్యపు గిడ్డంగి ముంగిట ఆ కుండ ఏది? వర్షమాపకము బంగారముతో చేసినది కాదు. ఒక గరాటు, ఒక పాత్ర, ఒక కొలతగాజు. ఉదయము ఎనిమిదిన్నర గంటలకు దానిని చూచి అంకె వ్రాయుటకు ఎనిమిదవ తరగతి బాలిక చాలును. ఎనిమిదిన్నరయని ఏల అంటిమనగా, దేశమంతట శాఖవారు దినపు వానను లెక్కించునది ఆ గంటకే. ఊరి అంకె శాఖ అంకెతో పోల్చుటకు వీలుండవలెను.

ఇక పలకను ఎచ్చట నిలుపవలెను? ఇండ్లు లేవని ప్రభుత్వము అనజాలదు. ఆంధ్రమున 2020లో రైతు భరోసా కేంద్రములని వెలసి, 2024లో రైతు సేవా కేంద్రములని పేరు మార్చుకొన్న ఇండ్లు పదివేలకు పైబడియున్నవి. తెలంగాణమున అదే 2020లో కట్టిన రైతు వేదికలు రెండువేల ఆరువందల వరకు ఉన్నవి. గోడలున్నవి, గోడలకు సున్నమున్నది. నాయకుల చిత్రములకు చోటు చాలినది. మూడడుగుల నల్లబల్లకు చాలదా? పంచాయతి కార్యదర్శి మంగళవారమొకమారు, శుక్రవారమొకమారు, మన భాషలో, మన ఊరి పేరుతో వ్రాయించవలెను. ముసురు, జల్లు, దుక్కి వాన, జడివాన అను మాటలు మనకున్నవి. అంకె ప్రక్కన ఆ మాట వ్రాయుడు. చదువరానివారికై సాయంకాలము పంచాయతి మైకులో చదివించుడు. పన్నుల బకాయిలను చదువునప్పుడు ఆ మైకు చక్కగనే పనిచేయుచున్నది.

పఠనమందిరముల సోదరులతో ఒక మాట. మీరు పట్టణవాసులు, వాన మీకు గొడుగు సంగతి. అయినను మీలో నూటికి తొంబదిమంది ఊరు విడిచి వచ్చినవారే, ఊరిలో అన్నయో మేనమామయో సేద్యము చేయుచున్నవారే. ప్రభుత్వము బల్ల పెట్టువరకు ఆగనక్కరలేదు. మంగళవారము సాయంకాలము మీ పంచాయతి సూచనను తీసి, తెలుగున నాలుగు పంక్తులు వ్రాసి, ఊరి గ్రంథాలయమునకో, బడి పంతులుగారికో పంపుడు. ఫోను చేసి చదివి వినిపించినను సరియే. మొదటి రెండు దినముల మాటను వేరుగను, తరువాతి మూడు దినముల మాటను వేరుగను వ్రాయుడు. బడిలో వర్షమాపకము నిలుపుటకు మీ సంఘము చందా వేసికొనవచ్చును. ఇంటి నీడ, చెట్టు నీడ పడని బయలున నిలుపవలెనని మాత్రము మరువకుడు. ఏ ఊరివారైన సూచనను, కురిసిన వానను ప్రక్కప్రక్కన వ్రాసి పంపినచో, తొలకరి మొదలు స్వాతి కార్తె వెళ్లువరకు ఈ పుటలో ఉచితముగా అచ్చువేయుటకు మేము సిద్ధముగా నున్నాము. శాఖకు మెప్పు వచ్చినను అచ్చువేయుదుము, తలవంపు వచ్చినను అచ్చువేయుదుము.

ఒక పంతులుగారు మాకు ముందుగనే ఒక చిక్కు తెలిపినారు: ఆదివారమునాడు బడి మూసియుండును, కుండలోని వానను ఎవరు చూతురు? సోమవారము రెండు దినముల వాన కలిపి వ్రాయుట తగదు. బడి ప్రక్క ఇంటివారికి తాళపుచెవి ఇచ్చుడు.